పదేళ్ల పిల్లకు అన్నీ వినిపిస్తాయి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను కావలిలో ఉంటాను. ఇంటి ముందు గదిలో మిషను వేసుకుని ఇరవై రెండేళ్లుగా జాకెట్లు, లంగాలు కుడుతున్నాను. పొద్దున్నే మీ పత్రిక చదివాకే మిషను ఎక్కుతాను. రెండు వారాల కిందట జిల్లా పేజీలో ఒక ఫొటో వేశారు. శిశుగృహలో పెరిగిన తొమ్మిదేళ్ల పాపను విదేశీ దంపతులకు దత్తత ఇస్తున్న ఫొటో. పాప మొహం బాగా కనపడుతోంది. పేరు ఉంది. ఏ వయసులో, ఎక్కడ వదిలేస్తే దొరికిందో కూడా రాశారు. పైన పెద్ద అక్షరాల్లో అదృష్టవంతురాలు అని పెట్టారు. ఆ రోజే మీకు రాద్దామనుకున్నాను. శ్రావణం జాకెట్లు ఒత్తిడి చేస్తుంటే కుదరలేదు. నిన్న సాయంత్రం మా ఇంటి ముందర ఒక మాట నడిచింది. ఇంక ఆగలేక రాత్రి కూర్చుని రాస్తున్నాను.

మా ఇంట్లోనూ ఇదే పని జరుగుతోంది. మా తమ్ముడు, మరదలు అమెరికాలో ఉంటారు. పిల్లల్లేరు. మన దేశంలోనే ఒక పిల్లల సంస్థలో ఉన్న పదేళ్ల ఆడబిడ్డను దత్తత తీసుకుంటున్నారు. దానికి చాలా డబ్బు కావాల్సి వచ్చింది. అందరం కలిసి కూడబెట్టాం. ఈ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు, మేం దాచలేదు.

నిన్న జాకెట్ కొలతలివ్వడానికి వచ్చినామె, మాకు ఎన్నో ఏళ్లుగా తెలిసినామె, మాటల్లో మాటగా అనింది: "ఏమక్కా, మీ తమ్ముడు ముప్పై లక్షలు బెట్టి పిల్లని కొంటన్నాడంట గదా! ఆ లెక్కకి ఇక్కడ ఎంతమందిని సాకొచ్చు." ఆమె చెడ్డది కాదు. మా ఆయన పోయినప్పుడు పదకొండు రోజులు మా ఇంటికి అన్నం వండి పంపిన మనిషి. కానీ ఆమె పక్కనే ఎనిమిదేళ్ల మనవరాలు నిలబడి ఉంది. ఆ పిల్ల వాళ్ల అవ్వ కొంగు పట్టుకుని "అవ్వా, పిల్లల్ని యాడ అమ్ముతారు?" అని అడిగింది. మా ఇద్దరికీ నోట మాట రాలేదు.

ఎనిమిదేళ్ల పిల్లకు అంత బాగా వినపడితే పదేళ్ల పిల్లకు ఎంత వినపడుతుంది? రేపు మా మేనకోడలు ఈ వీధిలోకి వస్తుంది. భాష రాకపోయినా చూపులు తెలుస్తాయి. నాలుగు నెలలకు భాష కూడా వస్తుంది. అందుకే ఆ ముప్పై లక్షలు ఏమిటో, ఎక్కడికి పోయాయో ముందుగానే చెప్పేస్తాను.

మా తమ్ముడికి 2009లో పెళ్లయింది. ఐదేళ్లు చూసి ఆస్పత్రులు మొదలుపెట్టారు. ఆ మందుల బాధంతా పడింది మా మరదలే. ఆ భాగం ఎక్కువ రాయను, అది ఆమె సంగతి. ఇక్కడ మా అమ్మ మాత్రం ఊరుకోలేదు. 2013లో మొహర్రం అప్పుడు జరిగే రొట్టెల పండగకు నెల్లూరు పోయి బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి సంతానం రొట్టె పట్టింది. మన జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు గానీ, వేరే ఊళ్లవాళ్లు కూడా చదువుతారు కాబట్టి చెప్తున్నాను. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి చెరువులో వదులుతారు, కోరిక ఉన్నవాళ్లు ఆ రొట్టె పట్టుకుంటారు. తీరాక మళ్లీ వచ్చి తామూ వదలాలి. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, దేనికదే ఉంటుంది. మా అమ్మకు రొట్టె ఇచ్చింది గుంటూరు నుంచి వచ్చిన ఒక ముస్లిం అమ్మాయి. చంకలో ఏడాది బిడ్డ. ఆ బిడ్డ తలమీద చెయ్యి పెట్టి మా అమ్మ నీళ్లలోనే ఏడ్చింది. ఆ తర్వాత ఏటా మొహర్రం వచ్చినప్పుడల్లా "నేనింకా రొట్టె బాకీ ఉండాను" అనేది.

2021లో ఒక మనిషి మా ఇంటికొచ్చాడు. కుట్టుకు వచ్చే ఒకామె ద్వారా వచ్చాడు. మూడు లక్షలిస్తే నెల తిరక్కుండా మగబిడ్డను చేతిలో పెడతానన్నాడు. పుట్టిన కాగితాల్లోనే తమ్ముడి పేరు, మరదలి పేరు రాయిస్తానన్నాడు. ఎవరికీ తెలియదన్నాడు. నిజం చెప్పాలి కదా, ఆ రాత్రి నేను, మా అమ్మ డబ్బులు లెక్కబెట్టుకున్నాం. బీరువాలో ఎంత ఉంది, చీటీ ఎంత వస్తుంది అని. తమ్ముడికి ఫోన్ చేస్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అక్కా, ఆ బిడ్డ తల్లి ఎవరో ఆయన్ని అడిగావా?" అన్నాడు. అడగలేదు. నాకు ఆ ఆలోచనే రాలేదు. ఇప్పటికీ అది గుర్తొస్తే గుండెలో పొడిచినట్టుంటుంది.

కొనడం అంటే అదీ. ఆ మనిషి చేస్తున్నదాన్ని మా వీధిలో ఎవరూ కొనడం అనలేదు. "పాపం, పిల్లల్లేనోళ్లకి సాయం చేస్తన్నాడు" అన్నారు. పిల్లల రక్షణకున్న జువెనైల్ జస్టిస్ చట్టం 81వ సెక్షన్ కింద బిడ్డను అమ్మినా కొన్నా ఐదేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. దత్తత పద్ధతి తప్పి బిడ్డను ఇచ్చినా పుచ్చుకున్నా 80వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు పడొచ్చు. కాగితాలన్నీ కళ్లముందు పెట్టుకుని, ప్రతి రూపాయికీ రసీదు తీసుకుని మా తమ్ముడు చేస్తున్నదాన్ని మాత్రం కొనడం అంటున్నారు.

2022 చివర్లో వాళ్లు చట్టప్రకారం దత్తతకు పేరు రాయించుకోవాలని నిర్ణయించుకున్నారు. ఇద్దరూ అమెరికా పౌరులు, విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డున్నవాళ్లు. అక్కడ ఉన్నవాళ్లు నేరుగా ఇక్కడికొచ్చి ఒక సంస్థలో బిడ్డను చూసుకుని తీసుకుపోవడం కుదరదు. అక్కడ గుర్తింపు పొందిన ఏజెన్సీ ద్వారా ఢిల్లీలోని కేంద్ర దత్తత సంస్థ, అందరూ కారా అంటారు, అందులో నమోదు కావాలి. హేగ్ ఒప్పందం అని 1993లో దేశాలన్నీ చేసుకున్నదొకటుంది. మన దేశం 2003లో అందులో చేరింది. పిల్లలు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి సరుకులా పోకూడదనే ఆ ఒప్పందం. ఈ నియమాలేవీ ఊరికే రాలేదు. విదేశాలకు పోతున్న పిల్లల గురించి ఒక లాయరు రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుని 1984లో తీర్పు ఇచ్చింది, లక్ష్మీకాంత్ పాండే కేసు. ఇరవై ఐదేళ్ల కిందట మన ఉమ్మడి రాష్ట్రంలోనే తండాల్లో పేద తల్లుల దగ్గర ఆడబిడ్డల్ని కొని సంస్థలకు చేర్చిన కేసులు బయటపడ్డాయి. నా వయసు వాళ్లందరికీ ఆ వార్తలు గుర్తుండే ఉంటాయి.

ముందు తమ్ముడు వాళ్లూ పసిబిడ్డే కావాలనుకున్నారు. అక్కడ దత్తతకు ముందు కనీసం పది గంటల శిక్షణ తీసుకోవాలి. ఆ క్లాసుల్లో తెలిసిందట, మన దేశంలో దత్తత కోసం పేరు రాయించుకుని ఎదురుచూస్తున్నవాళ్లు ముప్పై వేలకు పైనే ఉన్నారని. 2024-25లో దేశం మొత్తం మీద జరిగిన దత్తతలు 4,515. అప్పటికి పన్నెండేళ్లలో అదే ఎక్కువ. పసిబిడ్డ కోసం మూడేళ్లకు పైగానే ఆగాలి. ఇంకోపక్క ఏడేళ్లు, తొమ్మిదేళ్లు, పన్నెండేళ్లు వచ్చిన పిల్లల పేర్లు అలాగే ఉండిపోతాయి. ఎవరూ అడగరు. అప్పుడు మా తమ్ముడు ఫోన్‌లో అన్న మాట ఇది: "అక్కా, పసిబిడ్డ కోసం లైన్లో నిలబడితే మేం ముప్పై వేల మంది వెనక నిలబడాలి. పెద్దపిల్లల దగ్గర లైనే లేదు."

మా అమ్మ ఒప్పుకోలేదు. "పదేళ్ల బిడ్డ మనల్ని అమ్మా నాన్నా అని పిలస్తదా? దానికి అన్నీ గుర్తుంటాయి గదా" అనింది. ఏ కులమో అనింది. డెబ్భై మూడేళ్ల మనిషి, ఆమె పెరిగిన తీరు అది. వాదించలేదు నేను.

బిడ్డను వీళ్లు చూసుకుని ఒప్పుకున్నాక సంస్థ వాళ్ల సమక్షంలో వీడియోలో మాట్లాడించారు. ఐదేళ్లు దాటిన బిడ్డకైతే ఆ బిడ్డ ఇష్టం కూడా అడగాలి, అది నియమం. ఈ సంగతి మాకెవరికీ అప్పటిదాకా తెలియదు. బిడ్డ వద్దంటే ముప్పై లక్షలున్నా కోటి ఉన్నా దత్తత జరగదు. ఆ బిడ్డ పేరు, ఊరు, రాష్ట్రం నేను రాయడం లేదు. ఎందుకు ఆ సంస్థకు వచ్చిందో కూడా రాయను. అది ఆ బిడ్డది. పెద్దయ్యాక చెప్పాలనిపిస్తే తనే చెప్పుకుంటుంది. ఒక్కటి మాత్రం తమ్ముణ్ణి అడిగి రాస్తున్నాను. నువ్వేమన్నా అడగాలా అని సంస్థలోని టీచరు అడిగితే, బిడ్డ చాలాసేపు ఆలోచించి "నన్ను జుట్టు పెంచుకోనిస్తారా?" అని అడిగింది. అంతమంది పిల్లలున్న చోట పేలు పడతాయని క్రాపు కొట్టిస్తారు, పాపం వాళ్లూ ఏం చేస్తారు.

ఆ మాట తమ్ముడు చెప్పిన సాయంత్రం మా అమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా పెరట్లోకి పోయి మందారాకు కోసుకొచ్చింది. గానుగ కొబ్బరినూనెలో మెంతులు, మందారాకు వేసి సన్నమంట మీద కాచి సీసాలో పోసింది. ఆ సీసా ఇంకా అటకమీదుంది. కులం మాట మళ్లీ మా ఇంట్లో రాలేదు.

ఇక డబ్బు. మా తమ్ముడు మొదట వేసుకున్న లెక్క 35 వేల డాలర్లు, మన డబ్బులో ముప్పై లక్షల పైమాటే. అందులో ఇండియాలో కట్టాల్సిన ఫీజు 5,000 డాలర్లు. అది బిడ్డ పెరిగిన సంస్థలో పిల్లల సంరక్షణ నిధికి పోతుంది, రసీదుతో. సగానికి పైగా అమెరికాలోని ఏజెన్సీకి, ఇంటికి వచ్చి విచారించే సోషల్ వర్కర్‌కి. ఆమె వచ్చి జీతం కాగితాల నుంచి మందులు ఎక్కడ పెడతారో, మొగుడూపెళ్లాం దేనికి పోట్లాడుకుంటారో దాకా అడిగిందట. మిగతాది వేలిముద్రల సర్టిఫికెట్లు, వైద్య పరీక్షలు, ప్రతి కాగితానికీ నోటరీ, ఆ పైన వేరే దేశంలో చెల్లడానికి ప్రభుత్వం వేసే అపోస్టిల్ ముద్ర, ఇమిగ్రేషన్ ఫారాలు, విమానం టికెట్లు, ఇక్కడ నెల పైగా ఉండే ఖర్చు. బిడ్డ అక్కడికి పోయాక కూడా రెండేళ్లపాటు ఎలా ఉందో రిపోర్టులు పంపాలి, వాటికీ ముందే కట్టాలి. అక్కడి ప్రభుత్వం పన్నులో కొంత వెనక్కిస్తుందంట గానీ అది అంతా అయిపోయాక. కట్టడం మాత్రం ముందే.

బిడ్డ ఉండే చోట మంచినీళ్ల మిషను ఒకటి కొనిస్తానని తమ్ముడు అడిగాడు. వద్దన్నారు. ఫీజు తప్ప డబ్బుగా గానీ వస్తువుగా గానీ దత్తత తీసుకునేవాళ్ల దగ్గర ఏదీ తీసుకోకూడదట. నాకైతే ఆ మాట విన్నాక గొప్ప ధైర్యం వచ్చింది.

వాళ్ల దగ్గర దాచుకున్నవి పదహారు వేల డాలర్లు. ఆస్పత్రులకు అంతకుముందే చాలా పోయింది. రెండో కారు అమ్మారు. కొంత లోను తీసుకున్నారు. మా మరదలు శని, ఆదివారాలు తెలిసినవాళ్లకు వంట చేసిచ్చింది. చేపల పులుసు, కారం దోసె, పప్పుచెక్కలు. నెల్లూరు చేపల పులుసు అంటే అక్కడ గోదావరి వాళ్లు కూడా గిన్నెలు పట్టుకుని వచ్చారంట. సంవత్సరం పాటు ఒక్క ఆదివారం కూడా కూర్చోలేదు ఆమె. దేనికోసమో అడిగినవాళ్లకు దాచకుండా చెప్పింది. కొందరు డబ్బాకి పదిహేను డాలర్లయితే యాభై ఇచ్చి పోయారు.

ఇక్కడ నేను రెండు లక్షల చీటీ ముందే పాడాను. తగ్గింపు పోను 1,64,000 చేతికొచ్చింది. అమ్మ నాలుగు గాజులు బ్యాంకులో పెట్టి 1,30,000 తెచ్చాం. తమ్ముడితో పదో తరగతి చదివినవాళ్లు, 1997 బ్యాచ్, వాళ్లలో వాళ్లు పోగుచేసి 1,12,000 తెచ్చిచ్చారు. అందులో ఆటో నడిపే అబ్బాయి ఉన్నాడు, బిట్రగుంటలో రైల్వేలో చేసే అబ్బాయి ఉన్నాడు. సందు చివర పూలమ్మే ఆమె ఐదు వేలు తెచ్చి మిషను మీద పెట్టింది. వద్దంటే "నా మనవరాలికి ఇయ్యనా?" అనింది. మొత్తం 4,11,000. ప్రతి పేరూ నోటుబుక్కులో రాసుకున్నాను.

అందులో రెండున్నర లక్షలు తమ్ముడికి పంపాలని బ్యాంకుకు పోయాను. పాన్ కార్డు అడిగారు, ఫారం నింపమన్నారు. కౌంటర్‌లో ఉన్నాయన ఆశ్చర్యపోయాడు. "ఎప్పుడూ అమెరికా నుంచి ఇక్కడికి వచ్చేదే చూశాం గానీ, ఇక్కణ్ణించి పంపేది అరుదమ్మా. ఏమని రాయాలి?" అన్నాడు. బహుమతి అని రాయించాను. మిగతాది వాళ్లు ఇక్కడ తిరిగేటప్పుడు ఖర్చులకని అట్టే పెట్టాను. మన ఊళ్లలో అమెరికా అంటే డబ్బు కాసే చెట్టు అనుకుంటాం. అక్కడ కొడుకున్న ఇంటివాళ్లు ఇక్కడ చీటీ పాడారంటే ఎవరూ నమ్మలేదు.

ఇప్పటికి పద్నాలుగు నెలలైంది బిడ్డను ఖాయం చేసి. 2022 సెప్టెంబర్ నుంచి దత్తత ఉత్తర్వులు కోర్టులు కాకుండా కలెక్టర్లే ఇస్తున్నారు, కొంత తొందరగా అవుతుందన్నారు. అయినా రెండు దేశాల కాగితాలు కలవాలి కదా. ఇక్కణ్ణించి కారా అనుమతి, అక్కణ్ణించి ఇమిగ్రేషన్ అనుమతి, ఆ పైన కలెక్టర్ ఉత్తర్వు, బిడ్డకు పాస్‌పోర్టు, ఢిల్లీ ఎంబసీలో వీసా. తమ్ముడి పక్కింటి అమెరికా దంపతులు చైనా బిడ్డ కోసం ఏళ్ల తరబడి ఆగారు. 2024లో చైనా విదేశీ దత్తతలు ఆపేసింది. వాళ్లు బిడ్డకని సిద్ధం చేసిన గది అలాగే ఉందట. ఆ మాట విన్నప్పటి నుంచి మాకు ప్రతి ఉత్తరం తెరిచేదాకా టెన్షనే.

ఖాయమైనప్పుడే నేను కొలతలు అడిగాను. టీచరు పంపింది. కంచిపట్టు లంగా, జాకెట్ కుట్టాను, ముదురు ఆకుపచ్చకు చిలకపచ్చ అంచు. పిల్లలకు కుట్టేటప్పుడు లంగా అంచు లోపలికి నాలుగు వేళ్లు మడిచి పెడతాం, పెరిగేకొద్దీ విప్పుకోవడానికి. ఆ మడత ఇప్పటికి రెండుసార్లు విప్పాను. జాకెట్ మొత్తం మళ్లీ కుట్టాను. ఇంక విప్పడానికి ఒక్క వేలు మందమే ఉంది.

సంపాదకులు గారూ, నేను అడిగేది ఇది. దత్తత పిల్లల ఫొటోలు, పేర్లు, వాళ్లు దొరికిన చోట్లు దయచేసి వేయకండి. జువెనైల్ జస్టిస్ చట్టంలోనే 74వ సెక్షన్ అలాంటి బిడ్డ ఎవరో తెలిసేలా పత్రికల్లో రాయకూడదంటుంది, ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా. మీకు నాకంటే బాగా తెలుసు. జైలు గురించి భయపెట్టడానికి చెప్పడం లేదు. ఆ తొమ్మిదేళ్ల పాపకు చదువొచ్చు. ఎప్పుడో ఒకరోజు ఆ పేజీ ఆమె కంటబడుతుంది. కన్నతల్లి వదిలేసిన చోటు పేరు చదివి, దాని పైనే అదృష్టం అన్న మాట చదువుతుంది. ఇల్లు పోగొట్టుకున్న బిడ్డకు ఇంకో ఇల్లు దొరికితే దాన్ని అదృష్టం అనాల్సింది మా తమ్ముడిలాంటివాళ్లు. బిడ్డ అనక్కర్లేదు.

ఆ చోటులో ఇంకో సంగతి వేయండి. నెల్లూరులో, ఒంగోలులో శిశుగృహలున్నాయి, జిల్లా బాలల సంరక్షణ కార్యాలయాలున్నాయి. మన దేశంలో ఉన్నవాళ్లు దత్తత తీసుకోవడానికి ముప్పై లక్షలు అక్కర్లేదు. విచారణకు ఆరు వేలు, సంరక్షణ నిధికి యాభై వేలు, తర్వాత వచ్చి చూసినప్పుడల్లా కొద్దిగా, అంతా కలిపినా లక్ష దాటదు. ఎనిమిదేళ్లు దాటిన బిడ్డనైతే భార్యాభర్తల వయసులు రెండూ కలిపి 110 ఏళ్లు మించకపోతే చాలు. అంటే యాభై దాటినవాళ్లు కూడా పేరు రాయించుకోవచ్చు. మా కుట్టుకు వచ్చేవాళ్లలోనే పిల్లల్లేక కుమిలిపోయే యాభై ఏళ్లవాళ్లు ముగ్గురున్నారు. ఇంక మా వయసైపోయింది అనుకుంటున్నారు. వాళ్లకు ఈ 110 లెక్క తెలియదు. పోయిన నెలలో ఒకామెకు చెప్తే నమ్మక, పేపర్లో వచ్చిందా అని అడిగింది. పేపర్లో వస్తే నమ్ముతారు, అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. బిడ్డను వదిలేసిన చోట కనపడినా, అమ్ముతామని ఎవరైనా వచ్చినా 1098కి ఫోన్ చేయాలని కూడా వేయండి. 2021లో ఆ మనిషి మా గుమ్మం దిగి పోయాక నేను ఆ నంబరుకు చేసి ఉండాల్సింది. చేయలేదు.

వచ్చే నెలలో తమ్ముడు, మరదలు వస్తున్నారు. కాగితాలు అనుకున్నట్టు అయితే బిడ్డతో కలిసి కావలికి వచ్చి వారం రోజులుంటారు. మొహర్రం నాటికి బిడ్డ ఇక్కడ ఉండదు గానీ, మా అమ్మ రొట్టెలు మాత్రం వదులుతానంటోంది. పన్నెండేళ్ల బాకీ. ఎవరికివ్వాలో కూడా అనుకుంది. సంతానం రొట్టె కోసం వచ్చినవాళ్లకు ఇస్తూ, మా బిడ్డ పదేళ్లప్పుడు వచ్చింది అని చెప్పి ఇస్తుందట.

మీ విలేకరి మా వీధికి వస్తే కెమెరా తేవద్దని చెప్పండి. భోజనానికి రమ్మనండి. పిల్ల పేరు అడిగితే అదే చెప్తుంది, ఎంత పెట్టి తెచ్చారని మాత్రం ఎవరూ అడగకూడదు. నిన్నటి ఆమెకు కూడా ఈ మాటే చెప్పాను. ఆమె జాకెట్ కొలతలిచ్చి పోతూ గుమ్మం దగ్గర ఆగి, పిల్లకి తీపి ఏమిష్టమో కనుక్కోమంది.

ఇట్లు,
ఒక మేనత్త,
కావలి,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.